చదివే గొంతు, సర్దే చెయ్యి

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ చిట్టా అక్క. పక్క కొట్టు దర్జీ పెట్టిన పేరు అది. అందరూ లిస్టు అనేదాన్ని వాళ్ళింట్లో చిట్టా అంటారు, మామగారి నాటి మాట. కొండలెక్కడానికి వచ్చేవాళ్ళకు టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, తాళ్ళు, బూట్లు, గ్యాస్ పొయ్యిలు అద్దెకిచ్చే కొట్టు వాళ్ళది. చిట్టాలో లేనిదే ఆమె సంచిలో చెంచా కూడా వెయ్యదు.

"నిజం చెప్పక్కా, స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా సబ్బు, తువ్వాలు అని రాసుకునే వెళ్తావా?" అని దర్జీ ఏడిపించేవాడు.

"నీలాగా సగం తడిశాక తువ్వాలు కోసం ఇల్లంతా వినపడేలా కేకలు పెట్టమంటావా?" అనేది ఆమె. అంతకుమించి మాట్లాడే మనిషి కాదు.

కొట్టంటే ఇంటి ముందుగదే. గోడ నిండా కొక్కేలు, కొక్కేలకు తాళ్ళ చుట్టలు, మసిబారిన గిన్నెలు. ఎప్పుడూ రబ్బరు వాసన, సరిగ్గా ఆరని గుడ్డల వాసన. అద్దె బూట్లు తిరిగొచ్చిన రోజు వాటికి బురద వాసన తోడయ్యేది. ఆ బురద గీకి, కడిగి, ఎండబెట్టే పనీ ఆమెదే. ఏ జత ఎక్కడ అరిగిందో, ఏ మడమ కింద రబ్బరు ఊడిందో ఆమె వేళ్ళకు తెలుసు. కొండ మీదికి ఏమేం వెళ్తాయో అంత బాగా తెలిసిన ఆమె కొండను మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. జనాన్ని వెంటబెట్టుకుని పైకి వెళ్ళేది ఆమె భర్త. "నువ్వూ వస్తే కొట్టెవరు చూస్తారు?" అనేవాడు. మొదట్లో ఆ మాటకు చిన్నబుచ్చుకునేది. తర్వాత అడగడమే మానేసింది.

సర్దడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అత్తగారు కుర్చీలో కూర్చుని చిట్టా చదువుతుంది. కోడలు నేల మీద పట్టా పరుచుకుని, విన్న వస్తువు చేతిలోకి తీసుకుని, సంచిలో వేసి "పడింది" అంటుంది. ఆ మాట వినపడితేనే అత్తగారు తర్వాతిది చదువుతుంది. చదవనిది సంచిలో వెయ్యకూడదు. గుర్తొచ్చింది కదా అని ముందే వేసేస్తే, దాని వంతు వచ్చినప్పుడు వేశామో లేదో తెలీక తికమకపడతారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె అలాగే చేసింది. పైకెళ్ళినవాళ్ళ సంచిలో ఉప్పు పొట్లాలు రెండున్నాయి, అగ్గిపెట్టె ఒక్కటీ లేదు. దిగొచ్చిన మొగుడి మొహం చూడలేక ఆ రోజంతా పెరట్లోనే గడిపింది.

"గుర్తుపెట్టుకోవడం నీ పని కాదమ్మాయ్," అని అత్తగారు అప్పుడే తేల్చేసింది. "చదవడం నాది, వెయ్యడం నీది. మధ్యలో నీ బుర్ర పెట్టకు."

ఆ చదవడం ఆవిడకు చిన్న సంగతి కాదు. ఇద్దరు పిల్లలు పుట్టాక మొగుడి దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఆయన బరువులు మోసుకుంటూ కొండెక్కే రోజుల్లో ఆవిడా ఆయన వెంట ఎక్కింది, దిగింది. ఆయన పోయాక కొట్టు మిగిలింది, చిట్టా మిగిలింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, కాగితం దూరంగా పెట్టుకుని ఆవిడ చదువుతుంటే, రైలు స్టేషన్లో మైకు చెప్తున్నట్టే ఉండేది. వచ్చినవాళ్ళు కూడా మాటలాపి వినేవాళ్ళు.

ఆ ఏడు పాత టెంట్లు చిరుగులు పట్టాయని భర్త కొత్తవి తెచ్చాడు. పాతవాటికి రాడ్లు గుడ్డతోపాటే చుట్టి ఉండేవి. కొత్తవాటికి గుడ్డలు ఒక సంచిలో, రాడ్లన్నీ కలిపి ఇంకో పొడుగు సంచిలో. మోసేటప్పుడు బరువు పంచుకోవచ్చని అలా వస్తున్నాయట. ఆమె చిట్టా మళ్ళీ కొత్తగా రాసింది. 'టెంట్లు' అన్న దాని కింద 'టెంటు రాడ్లు, పొడుగు సంచి' అని ఒక వరస చేర్చింది.

కొత్త టెంట్లతో మొదటి ప్రయాణం ఒక ఆఫీసువాళ్ళది. పొద్దున్నే అందరూ ముందుగదిలో మూగారు. ఒకాయనకు బూట్లు బిగుతు, ఇంకొకాయనకు వదులు. వాళ్ళకు పెద్దగా వచ్చిన మేడం ఫోనులో వాతావరణం చూస్తూ, "సాయంత్రానికి గాలివాన అంటున్నారండీ, పర్లేదా?" అని మూడోసారి అడిగింది.

"వాన మొదలయ్యేసరికి మనం టెంట్లలో ఉంటాం మేడం," అన్నాడు భర్త. "పైన బోడి కొండ. చెట్టూ లేదు, గుహా లేదు. అందుకే చీకటి పడకముందే టెంట్లు వేసేస్తాం. వాన పడుతుండగా చీకట్లో ఆ బండల మీద దిగడం మాత్రం నా వల్ల కూడా కాదు. ఎక్కామంటే రేప్పొద్దున్నే దిగడం."

ఇక్కడ అత్తగారి గొంతు సాగుతూనే ఉంది. "టెంట్లు."

"పడింది."

"నేల పట్టాలు."

ఆమె చెయ్యి ఆగింది. చూపు తలుపు మూల నిలబెట్టిన పొడుగు సంచి మీదికి పోయింది. రాడ్లు ఇంకా రాలేదేం? కింద ఎక్కడైనా రాశానేమో అనుకుంది. ఈలోగా మేడం వంగి, "మేజోళ్ళు రెండు జతలు చాలా అండీ?" అంది. అత్తగారు గొంతు పెంచి, "నేల పట్టాలు!" అంది.

"పడింది," అంది ఆమె.

వాళ్ళ వ్యాను వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆమె గ్లాసులు కడిగింది, అద్దె పుస్తకం సర్దింది, గది ఊడవడం మొదలుపెట్టింది. తలుపు మూలకు చీపురు పెట్టగానే దేనికో తగిలి గలగలమంది.

పొడుగు సంచి.

చీపురు అక్కడే పారేసి ఫోను తీసింది. భర్త ఫోను అందుబాటులో లేదని పలికింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే మాట. వంతెన దాటితే ఫోన్లు పలకవని ఆమెకు తెలుసు. తెలిసీ మరోసారి చేసింది. కిటికీలోంచి చూస్తే కొండ నెత్తిన మబ్బు నల్లగా దిగుతోంది. గుడ్డలున్నాయి, నిలబెట్టడానికి రాడ్లు లేవు. ఆ బోడి కొండ మీద, ఆ గాలిలో, తడిసి ముద్దై తెల్లారేదాకా ఉంటే ఎవరైనా మిగులుతారా?

కుర్చీ మీద చిట్టా అలాగే ఉంది. తీసి చూసింది. తన చేతిరాతే. 'టెంటు రాడ్లు, పొడుగు సంచి.'

వంటగదిలో అత్తగారు బట్టలు మడతపెడుతోంది. "అత్తయ్యా, రాడ్లు చదివారా?"

"చదివుంటే నువ్వు వేసేదానివిగా?"

"చదవలేదు మీరు."

"అయితే నువ్వు రాసుండవు."

"రాశాను. ఇదిగో, ఇక్కడ." కాగితం ముందు పెట్టి వేలు చూపించింది. అత్తగారు కాగితం వైపు చూసింది. ఆ చూపు వేలున్న చోట లేదు, కాస్త పక్కన ఎక్కడో ఆగింది. ఆవిడ మడతపెట్టిన చొక్కాల్లో ఒకటి తిరగేసి ఉండడం ఆమె అప్పుడే గమనించింది.



"మీకు అక్షరాలు కనిపించడం లేదు," అంది మెల్లగా. "పాత చిట్టా నోటికొచ్చు కాబట్టి అదే చెప్పారు."

"ఎవరికే కనిపించనిది? దీపం సరిగ్గా లేదు పొద్దున్న."

"అత్తయ్యా, ఎన్నాళ్ళయింది?"

అత్తగారు చొక్కా అంచులు వేళ్ళతో సరిచేస్తూ కూర్చుంది. తర్వాత, "అయితే రాడ్లు వెళ్ళలేదా?" అని అడిగింది. సంచి మూలనే ఉండిపోయిందని చెప్పగానే చొక్కా పక్కన పడేసి లేచింది. ఆ కొండ మీద గాలివాన ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఒంటి మీద అనుభవించింది ఆవిడొక్కతే.

ఆమె దర్జీ దగ్గరకు పరిగెత్తింది. "నా మోకాలు సంగతి నీకు తెలుసుగా అక్కా," అన్నాడు అతను, మొహం పాలిపోయి. "సగం దారిలో నన్నే మోసుకురావాలి." కొండ దారి తెలిసిన ఇంకో మనిషి వేరే జట్టుతో వెళ్ళి ఉన్నాడు. వెనక్కి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.

"మీరెక్కడికి?"

"నీకు దారి తెలుసా?"

"తెలీదు."

"మరి నోరు మూసుకుని ఆటో పిలు."

ఆటోవాడు పొడుగు సంచిని చూసి, "ఏంటి పిన్నీ, అత్తాకోడళ్ళు చేపలు పట్టడానికా?" అన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ నవ్వకపోయేసరికి అద్దం సరిచేసుకుని బండి లాగించాడు. వంతెన దగ్గర దిగి నాలుగడుగులు వేశాక ఆమెకు గుర్తొచ్చింది. టార్చి తేలేదు, నీళ్ళు తేలేదు, వాన కోటు తేలేదు. ఊరందరికీ సర్దే మనిషి తనకంటూ ఒక్క వస్తువూ సర్దుకోలేదు. వెనక్కి వెళ్ళడానికి వేళ లేదు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

పొడుగు సంచి ముందు కొస ఆమె పట్టుకుంది, వెనక కొస అత్తగారు పట్టుకుంది. దారి వాగు పక్కనుంచి పైకి పోతోంది. అత్తగారు కుర్చీలో కూర్చున్నప్పటి గొంతుతోనే చెప్పడం మొదలుపెట్టింది. "ఇప్పుడు రెండు బండలు వస్తాయి, మధ్యలోంచి పో." వచ్చాయి. "ఇక్కడ మెట్టు ఎత్తుగా ఉంటుంది." ఉంది. ఆవిడ కాళ్ళు రాళ్ళను అడక్కుండానే గుర్తుపడుతున్నాయి. ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది. వెనకనుంచి గొంతు వస్తోంది, తను చేస్తోంది. ఇన్నేళ్ళ అలవాటు.

"ఇప్పుడు మొదలు కాలిన పెద్ద చెట్టు వస్తుంది. దాని కుడిపక్కకు తిరగాలి."

పెద్ద చెట్టు వచ్చింది. మొదలు కాలి లేదు.

"ఇది కాలిన చెట్టు కాదత్తయ్యా."

"చిగురేసి ఉంటుంది. ఎన్నేళ్ళయింది, అలాగే ఉంటుందా? తిరుగు."

తిరిగింది. దారి సన్నబడింది, తర్వాత గడ్డిలో కలిసిపోయింది. గాలి ఎక్కువైంది. "ఇంకా పో, ముందుకే," అంటోంది గొంతు. ఆమె పోతోంది. కాలి కింద మట్టి మెత్తగా తగిలింది. ఏదో రాయి కదిలి, దొర్లి, చాలాసేపటికి కిందెక్కడో పడిన చప్పుడు వినిపించింది. వెనక అత్తగారి కాలు జారింది. పొడుగు సంచి ఒక్కసారిగా బరువెక్కి ఆమె భుజాన్ని లాగేసింది. పళ్ళు బిగపట్టి, రెండు చేతులతో సంచిని ఒడిసి పట్టుకుని వెనక్కి కూలబడింది. లోపల రాడ్లు వంగాయి, విరగలేదు. అత్తగారు మోకాళ్ళ మీద పాకుతూ పైకి వచ్చింది. మొదటి చినుకులు టపటపా పడ్డాయి.

"నేను చెప్పినట్టు నేరుగా వెళ్ళుంటే..." అని మొదలుపెట్టింది ఆవిడ, రొప్పుతూ.

"నోరు మూసుకోండత్తయ్యా!"

ఆ కేక తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు వెంటనే తెలీలేదు.

"పొద్దుట్నుంచీ మీకు గుర్తున్నది చెప్తున్నారు. నాకు ఉన్నది కావాలి. చెట్టు కాదని నా కళ్ళకు కనిపిస్తోంది, అయినా తిరిగాను. రాడ్లు మిగిలిపోయాయని అనిపించింది, అయినా 'పడింది' అన్నాను. ఇంక నా వల్ల కాదు. ఇక్కడేముందో నేను చెప్తాను. అది విని మీరు చెప్పండి."

అత్తగారు అరచేతుల మట్టి దులుపుకుంది.

"చెప్పు," అంది.

"ముందు ఏటవాలు. గడ్డి. దారి లేదు. నీళ్ళ చప్పుడు వినపడుతోంది."

"ఎటునుంచి?"

"ఎదురుగా, కిందనుంచి."

"చెట్టు దగ్గర తిరిగాక నీళ్ళు వీపు వెనక వినపడాలి. మనం తొందరపడి తిరిగాం." ఆ 'మనం' అన్న మాట ఆవిడ నోట్లో కాస్త ఇరుక్కుని బయటపడింది. "వెనక్కి పద."

దారి మీదికి తిరిగొచ్చి మళ్ళీ ఎక్కారు. ఆమె గట్టిగా, వాన చప్పుడుకు పైన వినపడేలా చెప్తూ పోయింది. "ఎడమ పక్క నల్ల బండ. మీద తెల్ల చార." "సరే, పద." "కుడి పక్కనుంచి ఎర్రమట్టి జారిపడి ఉంది. దారి సగం కొట్టుకుపోయింది. మట్టిలో చెట్ల వేళ్ళు పైకి లేచి ఉన్నాయి."

"ఆ కాలిన చెట్టు అక్కడే ఉండేది," అంది అత్తగారు. "పోయిందన్నమాట." ఇంట్లో మనిషి పోయిన కబురు విన్నట్టు ఒక్క క్షణం నిలబడింది. "ఆ మట్టిని చుట్టుకుని దారేమైనా ఉందా?"

ఉంది. మట్టి అంచున ఎవరో కొత్తగా తొక్కిన జాడ. తడి మట్టిలో బూటు అచ్చు ఒకటి ఇంకా చెదరలేదు. మడమ దగ్గర ఒక మూల రబ్బరు లేదు. ఆమె గబుక్కున వంగింది. మొన్న ఆదివారం ఆ మడమ సందులో ఇరుక్కున్న బురదను పుల్లతో గీకింది తనే.

"మన బూటే అత్తయ్యా! మనవాళ్ళే ఇటు వెళ్ళారు!"

"అరవకు, చెవులు బాగానే ఉన్నాయి నాకు. నడు."

వాళ్ళు పైకి చేరేసరికి వెలుతురు బూడిద రంగులోకి దిగుతోంది. గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. ఆఫీసువాళ్ళు ఒకే టెంటు గుడ్డ కింద ముడుచుకుని, అంచులు చేతులతో నొక్కిపట్టుకుని కూర్చున్నారు. ఒకాయన పెదాలు నల్లబడి దవడలు కొట్టుకుంటున్నాయి. భర్త నడుముకు తాడు బిగించుకుంటున్నాడు. మేడం అతని చొక్కా పట్టుకుని లాగుతోంది. "మమ్మల్ని ఇక్కడ వదిలేసి మీరెక్కడికండీ? మీకేమైనా అయితే మా గతేంటి?"

"రాడ్లు తేకపోతే ఈ మనిషి బతకడు మేడం, నన్ను వదలండి..." అంటూ తిరిగిన అతను ఎదురుగా భార్యను చూశాడు. ఆమె వెనక తల్లిని చూశాడు. ఇద్దరి మధ్య సంచిని చూశాడు. మోకాళ్ళ మీద కూలబడి సంచి ముడి విప్పడం మొదలుపెట్టాడు. చలికి వేళ్ళు మాట వినలేదు. ఆమె అతని చేతులు పక్కకు తోసి తనే విప్పింది.

టెంట్లు లేచాయి. ఒకటి గాలికి రెండుసార్లు పడిపోతే అందరూ కలిసి మళ్ళీ లేపారు. చలికి వణుకుతున్న ఆయన తడి బట్టలు విప్పించి స్లీపింగ్ బ్యాగులో దూర్చి, పక్కన ఇద్దరు అంటుకుని పడుకున్నారు. పొయ్యి వెలిగింది. వేడినీళ్ళు రెండు గుక్కలు దిగాక ఆయన, "నా బూటు వదులుగా ఉందని చెప్పానా లేదా?" అన్నాడు. అప్పుడందరికీ ప్రాణం లేచొచ్చింది. మేడం నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆ నవ్వులు తగ్గాక భర్త అడిగాడు. గొంతు మెల్లగానే ఉంది, కానీ టెంటులో ఉన్నవాళ్ళందరూ విన్నారు.

"ఎవరు మర్చిపోయారు?"

అత్తగారు మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని ఎటో చూస్తోంది. 'నేనే' అంటే సరిపోయేది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. గిన్నె మాడితే నేనే, తాళం చెవి పోతే నేనే. అతను రెండు మాటలనేవాడు, పొద్దున్నే దిగేవాళ్ళు, వచ్చేవారం ఇంకో జట్టు వచ్చేది. అదే కుర్చీ, అదే గొంతు. ఈసారి తాడు మిగిలిపోతుందో, మందుల పెట్టె మిగిలిపోతుందో.

"అత్తయ్యకు అక్షరాలు కనిపించడం లేదండీ," అంది. "చాలా రోజులైనట్టుంది. పాత చిట్టా కంఠతా వచ్చు కాబట్టి అదే చెప్తున్నారు. నాకు అనుమానం వచ్చింది, అయినా అడగలేదు. అది నా తప్పు."

భర్త తల్లి వైపు తిరిగాడు. "అమ్మా?"

"అందరి ముందూ చెప్పాలా?" అంది అత్తగారు. కొడుకుతో కాదు, కోడలితో. "ఇంటికెళ్ళాక చెప్తే నోరు అరిగిపోతుందా?" అని మొహం టెంటు గుడ్డ వైపు తిప్పుకుని పడుకుంది. తాగమని ఇచ్చిన వేడినీళ్ళు గ్లాసులోనే చల్లారిపోయాయి.

పొద్దున్నే వాన వెలిసింది. బండలన్నీ తడిసి మెరుస్తున్నాయి. దిగేముందు కొడుకు చెయ్యి అందిస్తే అత్తగారు విదిలించుకుంది. "ఆఫీసువాళ్ళని చూసుకో. డబ్బులిచ్చింది వాళ్ళు," అంది. తనంతట తాను రెండడుగులు వేసింది. మూడోది వెయ్యలేక ఆగింది. రాత్రంతా వానకు రాళ్ళు కదిలి చోట్లు మారాయి, ఆవిడ కాళ్ళకు తెలిసిన దారి అక్కడ లేదు.

ఆమె వెళ్ళి ముందు నిలబడింది. కాసేపటికి అత్తగారి చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది. ఆ చేతిలో కోపం ఏమాత్రం తగ్గలేదు. గోళ్ళు గుడ్డలోంచి దిగుతున్నాయి. అలాగే నడిచారు. ఆమె ఏముందో చెప్పలేదు, ఆవిడ అడగలేదు. నిన్నటి ఎర్రమట్టి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆమెను వెనక్కి లాగింది.

"ముందేముంది?" అంది అత్తగారు. మూతి ముడుచుకునే అంది.

"తడి బండ. పక్కన గడ్డి ఉంది."

అత్తగారు కాలు కదపలేదు.

"గడ్డి ఏ చేతివైపు?"

"కుడి."

అప్పుడు అడుగేసింది.